మూడు వారాలు ఆగిన కొత్త హైబ్రిడ్ స్టార్ట్ కాకపోతే

మూడు వారాలు ఆపి ఉంచిన హైబ్రిడ్ కారు (ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్నది) స్టార్ట్ చేయబోతే డ్యాష్‌బోర్డు మసకగా వెలిగి ఆరిపోతోందా, బండి నడపడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రావడం లేదా? మోటారును నడిపే పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ పోయిందని కంగారు పడకండి. చాలావరకు ఇది చిన్న 12 వోల్టుల బ్యాటరీ పనే. కంప్యూటర్లకు కరెంటిచ్చేది, పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలను (కరెంటుతో పనిచేసే స్విచ్‌లను) ఆన్ చేసేది అదే. బండి ఆగి ఉన్నా అలారం, తాళంచెవి రిసీవర్ దాన్ని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి.

దీన్ని జంప్ స్టార్ట్ చేయాలి, అంటే వేరే 12 వోల్టుల బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటిచ్చి స్టార్ట్ చేయాలి. ముందు మాన్యువల్‌లో ఆ కేబుల్ తగిలించే జంప్ స్టార్ట్ టెర్మినల్ ఎక్కడుందో చూడండి. బ్యాటరీ డిక్కీలోనో వెనక సీటు కిందో ఉన్నా, ఆ టెర్మినల్ చాలా మోడళ్లలో బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో ఉంటుంది. ఎర్ర కేబుల్ ప్లస్‌కి, నల్లది చివరగా మీ బండిలో పెయింటు లేని ఇనుప భాగానికి. తారుమారైతే కరెంటును మార్చే ఇన్వర్టర్, కన్వర్టర్ కాలిపోవచ్చు, అది చాలా ఖరీదైన పొరపాటు. నారింజ రంగు కేబుళ్లలో హై వోల్టేజీ ఉంటుంది, వాటిని అసలు ముట్టుకోవద్దు. మీ హైబ్రిడ్‌తో వేరే బండికి జంప్ ఇవ్వకండి.

రెడీ లైటు వచ్చాక గంటసేపు నడపండి, లేదా రెడీలోనే ఉంచి, గేరు P (పార్క్)లో పెట్టి ఆరుబయట వదలండి. ఇంజన్ తనంతట తనే ఆన్ అవుతుంది కాబట్టి మూసిన గ్యారేజీలో వద్దు. బండిని రెడీ చేయకుండా యాక్సెసరీ మోడ్‌లో రేడియో పెట్టుకుంటే ఛార్జ్ కాదు, ఇంకా దిగిపోతుంది.

ఇకపై వారానికోసారి ఇలాగే నడపండి, స్మార్ట్ కీని బండికి దూరంగా ఉంచండి. అయినా మళ్లీ ఇలాగే అయితే, వారంటీలో ఉండగానే ఆ చిన్న బ్యాటరీకి లోడ్ టెస్ట్ (భారం పడినప్పుడు ఎంత నిలబడుతుందో చూసే పరీక్ష) చేయించండి.