గాజుల సంగతి ఇంట్లో మాట్లాడారా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. ఆరేళ్ల క్రితం తాగుడు మాని ప్రభువును నమ్ముకున్నాను. శనివారాలు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కరపత్రాలు పంచుతాను. నా భార్య గాజులు కుదువబెట్టి తాగిన స్థితి నుంచి దేవుడు నన్నెలా విడిపించాడో నెలకోసారి సంఘంలో సాక్ష్యం చెబుతాను. ఈమధ్య నా మాటలో పస తగ్గింది. పంచుకుంటేనే విశ్వాసం పెరుగుతుందని మా పాస్టరు గారు బైబిల్లోని ఫిలేమోను పత్రిక 6వ వచనం చూపిస్తారు. ధైర్యంగా చెప్పాలంటే ఏ వచనాలు కంఠస్థం చేయాలి? నా భార్య పరిచర్యకు సహకరించదు. నేను సాక్ష్యం మొదలుపెట్టగానే పదేళ్ల మా పాపకు నీళ్లు తాగించాలంటూ బయటికి వెళ్లిపోతుంది. ఆమెకూ బుద్ధి చెప్పండి.

జవాబు: వచనాల సంగతి మీ పాస్టరు గారు చూసుకుంటారు. స్టేషన్ ముందు నిలబడి ముక్కూమొహం తెలియనివారి చేతిలో కాగితం పెట్టే మనిషికి ధైర్యం తక్కువేమీ కాదు.

నేను ఆగిపోయింది ఆ మంచినీళ్ల దగ్గర. పదేళ్ల పిల్ల తన నీళ్లు తాను తాగలేదా? మీరు మైకు అందుకున్నప్పుడే దాహం వేస్తుందా? గాజుల మాట వచ్చేసరికి మీ ఆవిడ అక్కడ కూర్చోలేకపోతున్నారు. అవి పుట్టింటివారు పెట్టినవేనని నా ఊహ. పోయిన రోజు తల్లికి ఏమని చెప్పుకున్నారో, ఎన్ని పెళ్లిళ్లకు చేతులు కొంగుచాటున దాచుకుని వెళ్లారో మీ సాక్ష్యంలో ఉందా? ఆవిడ అవమానాన్ని నెలనెలా నలుగురి ముందు పరిచి ‘ఆమెన్’ అనిపించుకుంటున్నారు. చెప్పవచ్చా అని ఒక్కసారైనా అడిగారా?

పైగా ‘సహకరించదు’ అని రాశారు. ఆ ఏళ్లలో మీ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరండీ? ఇక్కడ నాకు కోపం వచ్చింది, దాచుకోను.

పాస్టరు గారు చూపిన పత్రికే చూద్దాం. మొత్తం 25 వచనాలు, మీరు ఆరో వచనం దగ్గరే ఆగారు. అది ఒక ఇంటి వ్యవహారం గురించి అపొస్తలుడైన పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరం. యజమాని ఫిలేమోనును విడిచి వెళ్లిన దాసుడు ఒనేసిము, చెరలో ఉన్న పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. అతడిని తన దగ్గరే ఉంచుకోవాలని పౌలుకు ఉంది. అయినా ఏ గడప దాటి వచ్చాడో ఆ గడపకే తిప్పి పంపాడు. దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్నాడు. అతడు బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తానని స్వహస్తంతో రాశాడు. అదే ఆరో వచనంలో మన తెలుగు బైబిలు ‘పాలివారు’ అంటుంది, అంటే వాటా ఉన్నవారు. మీ నష్టంలో పెద్ద వాటా మోసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.

తాగుడు మానాలనుకునేవారి కోసం అమెరికాలో 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు పన్నెండు మెట్లున్నాయి. తోటివారికి కబురు చేరవేయడం పన్నెండోది. తమవల్ల నష్టపోయినవారి పేర్లు రాసుకోవడం, వారికి మరింత హాని కలగకుండా సరిదిద్దుకోవడం ఎనిమిది, తొమ్మిది. మీరు నేరుగా పన్నెండోది ఎక్కేశారు.

ఈ నెల సాక్ష్యం చెప్పకండి. కారణం అడిగితే ఇంట్లో పని ఉందనండి, అబద్ధమేమీ కాదు. పాప పడుకున్నాక ఆవిడ ఎదురుగా కూర్చోండి. కుటుంబ ప్రార్థనలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. అక్కడ మీరు దేవుణ్ణి అడుగుతారు, ఆవిడ కళ్లు మూసుకుని వినాలి. ఏ గాజులు, ఎన్ని తులాలు, ఎక్కడ కుదువబెట్టారు, అన్నీ చెప్పి క్షమించమనండి. ఆవిడ అరిస్తే వినండి. ‘దేవుడే క్షమించాడు కదా’ అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. జీతంలో కొంత నెలనెలా ఆవిడ పేరున వేయండి. ఆ డబ్బుతో పాట్ మార్కెట్‌కు వెళ్లి గాజులు కొంటారో, పాప చదువుకు దాస్తారో ఆవిడ ఇష్టం.

ఆవిడకు బుద్ధి చెప్పమన్నారు. ఆవిడకు నేను చెప్పేదేమీ లేదు, బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లమనండి.

కరపత్రాలు మానమనను. గాజుల కథ ఇకముందు చెప్పవచ్చో లేదో ఆవిడనే అడగండి. వద్దంటే, ఆ కథ లేకుండా మీ దగ్గర చెప్పడానికి ఏం మిగిలిందో వచ్చే శనివారం స్టేషన్ దగ్గర చూసుకోండి.