ఎడమవైపు లాంగ్ పెడితే సరిపోదు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జావా కోడ్ చూశాను. 7 రోజుల ప్లాన్ బాగానే పనిచేస్తోంది, 30 రోజుల ప్లాన్ మాత్రం కొన్న నిమిషానికే గడువు అయిపోయినట్టు చూపిస్తోంది అన్నావు. తేదీల లైబ్రరీని అనుమానించకు. చిక్కంతా ఈ ఒక్క లైన్‌లో ఉంది:

లాంగ్ గడువు = 30 * 24 * 60 * 60 * 1000

ఎడమవైపు లాంగ్ (64 బిట్ల పెద్ద పూర్ణాంకాలు పట్టే టైపు) ఉంది కదా, ఇంకేం భయం అనుకున్నావు. కానీ జావా ముందు కుడివైపు లెక్క తేల్చేస్తుంది. అక్కడున్నవన్నీ 32 బిట్ల పూర్ణాంకాలు, అంటే ఇంట్‌లే కాబట్టి గుణకారం కూడా ఇంట్‌లోనే జరుగుతుంది. ఇంట్‌లో పట్టేది 2,14,74,83,647 వరకే. నీకు రావలసింది 2,59,20,00,000 మిల్లీసెకన్లు, వచ్చింది మైనస్ 1,70,29,67,296. అంటే గడువు దాదాపు 20 రోజులు వెనక్కి పోయింది. ఆ తర్వాత దాన్ని లాంగ్‌లో దాచుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. 24 రోజులు పెట్టి చూడు, సరిగ్గా వస్తుంది. 25 పెట్టగానే తిరగబడుతుంది. టెస్టులు రాయాల్సింది ఆ రెండింటికి, 7కి కాదు.

మొదటి అంకెకే ఎల్ తగిలించు (30L అన్నట్టు; అది లాంగ్ అని జావాకి చెప్పే గుర్తు). గుణకారం ఎడమ నుంచి సాగుతుంది, ఎల్ ఆఖర్న పెడితే అక్కడికి చేరేలోపే హద్దు దాటిపోయి ఉండొచ్చు. ఇంకా మంచిది, చేత్తో గుణించడం మానేసి, వ్యవధుల లెక్కకి జావాలోనే ఉన్న డ్యూరేషన్ క్లాస్‌కి రోజులు ఇచ్చెయ్.

"నెగటివ్ వస్తే సున్నా చేసేద్దాం" అని మీ టీమ్‌లో ఎవరో అన్నారట. ఒప్పుకోకు. అదే లైన్‌లో 365 పెడితే నెగటివ్ రాదు, సుమారు 17 రోజులు వస్తుంది. ఏడాదికి డబ్బు కట్టినవాడికి మూడు వారాలు తిరక్కుండానే సర్వీస్ ఆగిపోతుంది, నీ లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. నెగటివ్ కనబడటం నీ అదృష్టం.

డబ్బు లెక్కల్లోనూ ఇదే గొడవ. పైసల్లో దాస్తే ఇంట్‌కి పట్టేది 2,14,74,836 రూపాయల 47 పైసలే. ఒక్కో బిల్లుకు చాలు, నెల మొత్తానికి చాలదు. లాంగ్ వాడు, కూడికలకు మ్యాథ్.యాడ్‌ఎగ్జాక్ట్, లాంగ్ నుంచి ఇంట్‌కి దించేటప్పుడు మ్యాథ్.టుఇంట్‌ఎగ్జాక్ట్ వాడు. హద్దు దాటితే అవి ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని చెప్పే సంకేతం) విసురుతాయి. ఆ ఎక్సెప్షన్‌ని ఎవరు పట్టుకుంటారో కూడా నువ్వే తేల్చాలి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్‌లో 64 బిట్ల ఫ్లోట్ విలువ 16 బిట్ల ఇంటీజర్‌లో పట్టలేదు. ఎక్సెప్షన్ అయితే వచ్చింది, దాన్ని పట్టుకునే కోడే లేదు. దిశ చూసే కంప్యూటర్లు రెండూ ఆగిపోయి, రాకెట్ దారి తప్పి పేలిపోయింది.

దశాంశాలు పట్టే డబుల్ టైపులోకి మార్చేస్తే సరి అనుకోకు. 2 పవర్ 53 దాటాక అది ఒకట్ల స్థానాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పైథాన్ వాళ్లకి మామూలు ఇంట్‌తో ఈ బాధ లేదు కానీ, నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) అర్రేల్లోకి వెళ్తే మళ్లీ హద్దులే. సీ భాష జోలికి ఎప్పుడైనా వెళ్తే గుర్తుంచుకో: సైన్డ్ ఇంట్ (మైనస్ విలువలు కూడా పట్టే ఇంట్) హద్దు దాటి పొంగితే ఏం జరగాలో ఆ భాష చెప్పదు, "కూడాక తగ్గిందా" అని నువ్వు పెట్టుకున్న చెక్‌ని కంపైలర్ తీసిపారేయవచ్చు.

డేటాబేస్‌లో ఆ నెల మొత్తాన్ని దాచే కాలమ్ ఏ టైపో రేపే మీ డీబీఏని (డేటాబేస్ చూసుకునే వ్యక్తిని) అడుగు. ఇంట్ అయితే, లాంగ్ లాగా 64 బిట్లు పట్టే బిగ్‌ఇంట్ చేయమను. టేబుల్ చిన్నగా ఉన్నప్పుడే అది తేలిక పని.

– మామయ్య