ముక్కితే గుండె దడ ఎందుకు ఆగుతుంది?

ఊపిరి బిగబట్టి ముక్కితే గుండె దడ ఆగుతుందన్న మాట నిజమేనా, దానికీ వేగస్ నాడికీ సంబంధమేమిటని మీరు అడిగారు. ఒక రకం దడ విషయంలో అది నిజమని నా అనుభవంతో చెప్పగలను.

మాది తిరుపతి. రెండేళ్ల క్రితం అలిపిరి పాదాల మండపం దగ్గర వంగి కొబ్బరికాయ కొట్టి లేస్తుండగా, ఒక్క మెట్టయినా ఎక్కకముందే, గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది. అరగంట కూర్చున్నా తగ్గలేదు. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే నిమిషానికి 190 ఉంది. ఇది ఎస్‌వీటీ (గుండె పైభాగం నుంచి ఉన్నట్టుండి మొదలయ్యే వేగమైన దడ) అని చెప్పిన డాక్టరుగారు, ఖాళీ సిరంజి ఇచ్చి లోపలి పిస్టన్ కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదమన్నారు; ఇదీ ముక్కడమే. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి మరో 15 సెకన్లు పట్టుకున్నారు. రెండోసారి చేసినప్పుడు గుండె క్షణకాలం నిలిచినట్టయి, మామూలు లయలో పడింది.

గుండెను దాని మానాన వదిలేస్తే, కుడి కర్ణికలో (గుండె పై గదిలో) ఉండే సైనస్ నోడ్ అనే కణాల గుంపు దాన్ని నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టిస్తుంది. విశ్రాంతిలో అది 70 దగ్గర ఉండటానికి కారణం, మెదడు కింది భాగం నుంచి మెడ గుండా దిగే వేగస్ నాడి ఎప్పుడూ పట్టి ఉంచే పగ్గమే. మార్పిడి చేసిన గుండెకు ఆ నాడి తెగిపోతుంది కాబట్టి విశ్రాంతిలోనూ అది వేగంగానే కొట్టుకుంటుంది. ఈ పగ్గం ఒక రసాయనమని 1921లో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో నిరూపించారు: ఒక గుండె వేగస్ నాడిని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే, అదీ నెమ్మదించింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్.

నాకు వచ్చిన రకంలో విద్యుత్తు, కర్ణికల నుంచి గుండె కింది గదులకు దాన్ని దాటించే ఏవీ నోడ్ గుండా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ముక్కడం ఆపి పడుకున్నప్పుడు, ఎత్తిన కాళ్ల నుంచి కూడా రక్తం గుండెకు చేరి రక్తపోటు చప్పున పెరుగుతుంది. మెడ ధమనులు ఆ సంగతి మెదడుకు తెలుపుతాయి. అప్పుడు మెదడు పగ్గం బిగిస్తుంది; వేగస్ ఏవీ నోడ్‌ను ఒక్క క్షణం అడ్డుకోగానే ఆ చక్రం తెగిపోతుంది. కర్ణికల్లోనే పుట్టే, లయ తప్పిన దడ అయిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు ఈ దారితో పని లేదు కనుక, అది ముక్కితే ఆగదు.

మెడ ధమనిని నొక్కుకోమని కూడా కొందరు చెబుతారు. పెద్దవారిలో దానివల్ల పక్షవాతం రావచ్చు కాబట్టి, దయచేసి ఇంట్లో ఆ పని చేయకండి. దడతో పాటు ఛాతీ నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. దడ ఆగాక తీసిన ఈసీజీ చాలామందిలో మామూలుగానే ఉంటుంది కనుక, దడ నడుస్తుండగానే తీయించుకోండి. నేను ఆనాటి ఈసీజీ కాగితం ఫోటోను ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్నాను, ఏ డాక్టరుగారి దగ్గరకు వెళ్లినా ముందు అదే చూపిస్తాను.