కెనడా యూత్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడిన గోల్‌కీపర్ అస్మిర్ బెగోవిచ్ తర్వాత బోస్నియాకి ఎలా ఆడగలిగాడు?

కెనడా సీనియర్ టీమ్‌కి ఒక్క అధికారిక టోర్నీ మ్యాచ్ కూడా ఆడలేదు కాబట్టే బోస్నియాకి మారగలిగాడు. 1987లో బోస్నియాలోని ట్రెబిన్యెలో పుట్టాడు, యుద్ధం రావడంతో నాలుగేళ్లప్పుడే ఫ్యామిలీ జర్మనీకి పారిపోయింది, పదేళ్లకి కెనడాలోని ఎడ్మంటన్ చేరారు, 2007 అండర్-20 వరల్డ్ కప్‌లో కెనడా జట్టులోనే ఉన్నాడు. ఒక దేశానికి యూత్ మ్యాచ్‌లు ఆడినవాళ్లు ఇంకో దేశానికి మారడానికి ఫిఫా పెట్టిన 21 ఏళ్ల లిమిట్‌ని 2009లో తీసేశారు, అదే ఏడాది ఇతనూ మారాడు. ఉదాహరణకి కెనడాకి ఒక్క వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడి ఉన్నా అప్పటి రూల్‌తో దారి మూసుకుపోయేది, 2014లో బోస్నియా మొదటి వరల్డ్ కప్‌లో గోల్‌కీపర్‌గా అతన్ని చూసేవాళ్లమే కాదు. శరణార్థి కాబట్టి స్పెషల్ పర్మిషన్ ఇచ్చారని చాలామంది అనుకుంటారు, అలాంటిదేం లేదు, రూల్ అందరికీ ఒకటే.