దొరకలేదని రాయి, అమ్మలూ

అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు విసుక్కోవడం పక్కనుంచి విని మీ పెద్దమ్మ "మానెయ్యమనండి, ఆ వానలో చెట్ల కింద దేవులాడకపోతే ఏం పోయిందట" అని తేల్చేసింది కానీ నాకు మనసొప్పలేదు. ఎవరో దాచిన డబ్బాని ఫోన్ చూపించే చోట వెతికి, లోపలి కాగితం మీద సంతకం చేసి, దొరికిందో లేదో పేజీలో రాసుకునే ఈ జియోక్యాషింగ్ ఆటలో మూడు చోట్లకి వెళితే మూడు చోట్లా డబ్బా లేదు, ఇదంతా వట్టి మోసం పెదనాన్నా అన్నావు కదా. ఫోన్ పెట్టేశాక నీ పేజీ తెరిచి చూశాను. ఏడు దొరికాయని రాసుకున్నావు, ఏడింటికీ ఫోటోలు పెట్టావు. దొరకని మూడింటి దగ్గర ఒక్క ముక్క లేదు. దొరకలేదని నువ్వు రాయకపోతే అక్కడ డబ్బా నిజంగానే పోయిందో, నీ కంటికి ఆనలేదో ఎవరికి తెలుస్తుంది చెప్పు? అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు.

నేనూ నీలాగే చేశాను. నీకన్నా ఘోరంగా చేశాను, ముందు అది విను.

అప్పటికి నాకీ జియోక్యాషింగ్ పిచ్చి పట్టి ఏడాది. ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలోనే స్నోహోమిష్ వైపు ఒక వాగు మీద మనుషులు నడిచే ఇనప వంతెన ఉంది, దాని మీద ఒక చిన్న క్యాష్, అదే దాచిన డబ్బా. డిఫికల్టీ 3, టెర్రెయిన్ 1.5. (ఈ రెండంకెలూ చూడకుండా ఇంట్లోంచి కదలకు. మొదటిది వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో. రెండూ 1 నుంచి 5 దాకా. టెర్రెయిన్ 5 అంటే పడవో తాళ్ళో కావాలన్నమాట, చెప్పులేసుకుని వెళ్ళేది కాదు.) నవంబరు వాన, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ముప్పావుగంట సేపు ఆ వంతెనని పైనా కిందా తడిమాను. లేదు. గంట డ్రైవ్ చేసుకుని వచ్చినవాణ్ణి, పైగా ఆ రోజుతో నాకు దొరికినవాటి లెక్క రెండువందలు నిండాలి. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కారులో పడున్న పాత ఫిల్మ్ డబ్బాలో కాగితం ముక్క చుట్టి పెట్టి, రెయిలింగ్ సందులో దోపి, ఆ కాగితం మీద మొదటి సంతకం నేనే చేసుకుని, "పాతది పోయింది, కొత్తది పెట్టాను, దొరికింది" అని ఘనంగా రాశాను. ఏదో సాయం చేశానని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

నాలుగో రోజు ఆ క్యాష్ పెట్టినామె నుంచి మెయిల్ వచ్చింది. తిట్టలేదు. మీరు పెట్టినది తీసేశాను, నాది అక్కడే ఉంది, శనివారం ఖాళీ అయితే రండి చూపిస్తాను, అంతే. వెళ్ళాను. డెబ్బై దాటిన తెల్లామె, రెండు మోకాళ్ళకీ పట్టీలు. నా డబ్బా పీకడానికి ఆ మోకాళ్ళతో ఆ వానలో ఒకసారి వచ్చిపోయిందని ఆమెని చూశాక గానీ నాకు తట్టలేదు. వంతెన మధ్యకి తీసుకెళ్ళి బోల్టులు లెక్కపెట్టమంది. ఒక్కో రేకుకి నాలుగు బోల్టులు. నాలుగు, నాలుగు, నాలుగు, ఐదు. ఆ ఐదోదాన్ని గోటితో లాగితే ఊడి చేతిలోకి వచ్చింది, వెనక అయస్కాంతం, లోపల బోలు, ఆ బోలులో అగ్గిపుల్లంత సన్నగా చుట్టిన కాగితం. ఆ ముప్పావుగంటలో సగం సేపు నేను ఆ రేకు మీదే చెయ్యి ఆనించుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి నా "దొరికింది" చెరిపేసి ఆ పాత తేదీకి "దొరకలేదు" అని రాసుకున్నాను, తర్వాత శనివారం తేదీతో "చూపిస్తే చూశాను" అని ఒక నోటు రాశాను, దొరికినట్టు లెక్కలో వేసుకోలేదు. అలా దొరక్కపోతే మన డబ్బా ఒకటి పడేసి రావడాన్ని త్రోడౌన్ అంటారు. ఇక్కడి పాతకాపుల దగ్గర ఆ మాట అని చూడు, మొహాలు ఎలా పెడతారో.

ఇప్పుడు నీ మూడింటి సంగతి. దుకాణం పార్కింగ్‌లోదని చెప్పావే, డిఫికల్టీ 1, అది నూటికి తొంభై పాళ్ళు దీపస్తంభం అడుగున ఉండి ఉంటుంది. ఆ స్తంభం మొదట్లో బోల్టులు కనపడకుండా ఒక రేకు తొడుగు ఉంటుంది, దాన్ని పైకి ఎత్తితే కిర్రుమంటూ లేస్తుంది. కొత్తవాళ్ళెవరికీ అది కదులుతుందని తెలియదు, నాకూ తెలియదు. కరెంటు వైర్లు పైకి కనిపిస్తుంటే మాత్రం చెయ్యి పెట్టకు, ఎంత సులువైనదైనా సరే.

అడవిలోది ఫోన్ చూపించిన చోట లేదన్నావు. ఉండదు మరి. ఈ డగ్లస్ ఫర్ చెట్ల కింద, అందులోనూ వానలో, సిగ్నల్ కొమ్మలకి తగిలి చెదిరిపోతుంది, బాణం గుర్తు ఒకసారి అటు ముప్పై అడుగులు, ఒకసారి ఇటు ముప్పై అడుగులు ఊగుతుంది. అది పెట్టినవాళ్ళ ఫోనూ ఆ రోజు అంతే ఊగి ఉంటుంది కదా. అందుకని ముప్పై అడుగుల్లోకి రాగానే ఫోన్ జేబులో పడేయ్. నిలబడి చుట్టూ చూడు. నేనైతే ఎక్కడ దాస్తాను అనుకో. పడిపోయిన మాను కింద పుల్లలు మరీ బుద్ధిగా ఒక వరసలో పేర్చినట్టుంటే అక్కడే. గాలి పుల్లలు పేర్చదమ్మా. ఫెర్నుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదుపు, చేతికి గ్లవ్స్ వేసుకో. దురదగొండిలాంటి నెటిల్స్ ఇక్కడా ఉన్నాయి, ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో మీ పెద్దమ్మని అడుగు, నవ్వుతూ చెబుతుంది.

మూడోది మాత్రం నిజంగానే పోయినట్టుంది. నీకన్నా ముందు ఇద్దరు దొరకలేదని రాశారు, ఆఖరిసారి దొరికి ఎనిమిది నెలలు. నువ్వు అది చదవకుండా వెళ్ళావు. నువ్వు కూడా రాసి ఉంటే మూడవుతాయి, పెట్టినతను వెళ్ళి చూసుకుంటాడు. రాయలేదు కాబట్టి ఈ శనివారం ఇంకెవరో పిల్లల్ని కారెక్కించుకుని అక్కడికే పోతారు.

అసలు ఇది మొదలైనదే దొరుకుతుందా లేదా అన్న సరదా మీద. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తప్పుని ఆపేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, అంత తేడాతో డబ్బా కాదు, ఇల్లు వెతుక్కోవడం కూడా కష్టమే. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన మన పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అడవిలో, ఒక నల్ల బకెట్ సగం పాతిపెట్టి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, ఉండేలు, బీన్స్ టిన్ను ఒకటి. ఆ టిన్ను ఇప్పటికీ ఉంది, చేతులు మారుతూ సభలకి తిరుగుతోంది. తమాషా ఏంటంటే ఇవాళ ఆ బకెట్ పెడతానంటే ఎవరూ ఒప్పుకోరు. స్థలం వాళ్ళు ఒప్పుకోకుండా నేల తవ్వి పాతడం నిషేధం, తిండి పెట్టడం నిషేధం. ఎలుగుబంట్లు వస్తాయి.

మన వాళ్ళకి ఈ పేరు చెప్పడమే పెద్ద తంటా. తెనాలి ఫోన్ చేసి "అమ్మా, ఇవాళ అడవికెళ్ళి మూడు క్యాష్‌లు పట్టుకొచ్చా" అంటే మీ నాయనమ్మ "అడవిలో క్యాష్ ఎవడు పెడతాడురా, పెట్టినా ఆ సంగతి నీకెందుకు చెబుతాడు" అంది. ఆమె పోయేదాకా నేను ఏదో చీటీల వ్యాపారంలో దిగానని అనుమానంగానే ఉండేది.

ఇంకొకటి కాస్త సీరియస్‌గా చెబుతున్నాను. చీకటి పడ్డాక పార్కింగ్ స్థలాల్లో స్తంభాల చుట్టూ తిరగకు. ఒకసారి నేనలా వంగుని ఉంటే వెనక నీలం, ఎరుపు లైట్లు వెలిగాయి. ఏం చేస్తున్నావంటే కంగారులో "ఏమీ లేదు" అన్నాను, అది అనకూడదు. ఏమీ లేకుండా ఎవడన్నా స్తంభం కింద దూరతాడా. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, చేతులు కనపడేలా ఉంచు, ఫోన్ తీసి చూపించాలన్నా ముందు చెప్పి తియ్యి. ఆ రోజు వచ్చినాయన మంచివాడు, లైటు పట్టుకుని నాతోపాటు వెతికాడు. మన రంగు వాళ్ళకి ప్రతిసారీ అలా జరుగుతుందన్న భరోసా లేదు. పట్టపగలు వెళ్ళు, వీలైతే ఇంకొకరితో వెళ్ళు.

ఆ ఇంకొకరు ఎక్కడ దొరుకుతారంటే ఈవెంట్లలో. యాప్‌లో డబ్బాలతో పాటు అవీ కనిపిస్తాయి, ఏ కాఫీ షాపులోనో సాయంత్రం ఓ గంట. నాకు మొదట్లో బెరుకు, మూలన కూచున్నాను. ఆ వంతెన ఆమె చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్ళి "బోల్టు నేను చూపించిన మనిషి ఇతనే" అంది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు వరసగా తమ తమ పరాభవాలు మొదలెట్టారు. ఒకాయన ఒకే డబ్బాకి పదకొండుసార్లు వెళ్ళాడట. ఒకామె పక్షిగూడు అనుకున్నది నిజంగానే పక్షిగూడట, పక్షి ఇంట్లోనే ఉందట. దొరికినవాటి గురించి ఆ రాత్రి ఎవరూ మాట్లాడలేదు.

వాళ్ళెవరికీ అసలు పేర్లుండవు, సంతకాల పేర్లే. మీ పెద్దమ్మ "ఎవరితో వెళుతున్నారు" అంటే "గుడ్లగూబతో" అనేవాణ్ణి. పేరు తెలియనివాడితో అడవికి ఏంటండీ అని ఆమె గోల. ఆ గుడ్లగూబే ఒకసారి నన్ను కాపాడాడు. ఇక్కడ స్నోక్వాల్మీ కనుమలో పాత రైలు సొరంగం ఒకటుంది, 2.3 మైళ్ళు, ఇప్పుడు నడకదారి. అవతలి వైపు ఒక పేరున్న క్యాష్ ఉంది, 2001లో ఒక సినిమా ప్రచారానికి ప్రపంచంలో అక్కడక్కడా పెట్టిన కొన్నిటిలో మిగిలినదాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నలుగురం బయల్దేరాం. లోపల ఎండాకాలంలో కూడా ఫ్రిజ్ తెరిచినట్టుంటుంది, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, ఎదురుగా అవతలి వెలుగు ఆవగింజంత కనిపిస్తుంది, ఎంత నడిచినా ఆవగింజ ఆవగింజే. సగం దారిలో నా తలలైటు ఆరిపోయింది. స్పేర్ బ్యాటరీలు తీసుకెళ్ళమని అందరికీ చెప్పేది నేనే, నా సంచిలో లేవు. గుడ్లగూబ ఏమీ అనకుండా తన రెండో లైటు నా నెత్తికి తగిలించి ముందుకి నడిచాడు. ఆ లైటు ఇంకా నా దగ్గరే ఉంది, ఇచ్చేస్తానంటే తీసుకోడు. సొరంగం చలికాలం మూసేస్తారు, మే నెల వచ్చాక నిన్ను తీసుకెళతాను. స్వెట్టరు తెచ్చుకో.

డబ్బాలో వస్తువు తీసుకుంటే దానికి తగ్గదో, ఇంకొంచెం మంచిదో పెట్టు. లోహపు బిళ్ళ తగిలించిన బొమ్మ కనిపిస్తే అది ట్రావెల్ బగ్, నీది కాదు, ఇంకో డబ్బాకి చేర్చాలి, దాని మీది నంబరు ఫోటోలో కనపడనివ్వకు. నేను ఏటికొప్పాక లక్క బొంగరం ఒకటి అలా వదిలాను. ఒరెగాన్ వెళ్ళింది, జర్మనీ వెళ్ళింది, ఎవరో దాన్ని కెఫేలో బల్ల మీద తిప్పి ఫోటో పెట్టారు. ఆ తర్వాత జాడ లేదు. అప్పుడప్పుడు ఆ పేజీ తెరిచి చూస్తుంటాను.

అన్నట్టు, సంక్రాంతికి ఇంటికి వెళుతూ ఆ గార్మిన్ ఉపగ్రహ మెసేజిల పరికరం సంచిలో పెట్టుకుంటావేమో, అది ఇక్కడే వదిలెయ్. మన దేశంలో అనుమతి లేకుండా అవి ఉంచుకోకూడదు, విమానాశ్రయాల్లో పట్టుకుంటున్నారు. ఫోన్ చాలు.

శనివారం ఎనిమిదింటికి వస్తాను, ఆ పార్కింగ్‌ దాంతోనే మొదలుపెడదాం. ఈలోగా ఆ మూడింటికీ వెళ్ళిన తేదీలు వేసి దొరకలేదని రాసి ఉంచు, శుక్రవారం రాత్రి చూస్తాను. ఎంతసేపు వెతికావో, ఎక్కడెక్కడ చూశావో కూడా రాయి, పెట్టినవాళ్ళకి అదే పనికొస్తుంది. పట్టకారు ఒకటి, పొడిబట్ట ఒకటి తెచ్చుకో. పెన్ను కూడా నీది నువ్వే తెచ్చుకో, నాది పోయినసారి తీసుకుని ఇంకా ఇవ్వలేదు.

మీ పెదనాన్న