తిరుపతిలో చిన్న ప్రైవేటు పారామెడికల్ కళాశాలలో చేరే ముందు ఏమేం చూడాలి?

మీ అమ్మాయిని తిరుపతిలోని ఒక చిన్న ప్రైవేటు కళాశాలలో డీఎంఎల్‌టీలో (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమాలో) చేర్పించవచ్చా అని అడిగారు. ఆ కోర్సుకు ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు గుర్తింపు లేకపోతే ఇక ముందుకు వెళ్లకండి. ఉంటే, ఫీజుతో పాటు పరీక్ష రుసుము, యూనిఫాం, హాస్టల్ ఖర్చులను, మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారన్న హామీని రాతపూర్వకంగా తీసుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది శిక్షణ. రుయా, స్విమ్స్ వంటి ఆసుపత్రులున్న ఊరైనా, తమ పిల్లలను ఏ ల్యాబుకు పంపుతారో, రోజుకు ఎన్ని గంటలో కళాశాలవారే చెప్పాలి. అక్కడ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని పక్కకు పిలిచి, “స్వయంగా ఎంతమందికి రక్తం తీశావమ్మా?” అని అడిగితే, ఆమె తడుముకోవడంలోనే మీకు సగం జవాబు దొరుకుతుంది. “నూరు శాతం ఉద్యోగాలు” అన్న ఫ్లెక్సీని పక్కనపెట్టి, నిరుటి బ్యాచ్‌లో చేరినవారెందరు, పాసైనవారెందరు, ఇప్పుడు ఎక్కడ ఎంత జీతానికి పనిచేస్తున్నారు అని అడిగి, వారిలో ఇద్దరితోనైనా మాట్లాడండి.