సముద్రపు గాలానికి ఏ రాడ్ కొనాలి?

ప్రశ్న: ఇన్నాళ్లూ కాలువల్లో, చెరువుల్లో వెదురు కర్రతోనే గాలం వేసేవాడిని. ఇకపై నెలకు ఒకటి రెండుసార్లు స్నేహితులతో కలిసి సూర్యలంక వెళ్లి, ఒడ్డున నిలబడి సముద్రంలో గాలం వేయాలని ఉంది. దుకాణంలో రూ. 2,500కు ఒక ఫైబర్‌గ్లాస్ రాడ్, రూ. 18,000కు ఒక కార్బన్ రాడ్ చూపించారు. చౌకది ఉప్పునీటికి నిలవదని ఒకరు, ఖరీదైనది కొత్తవారికి దండగని ఇంకొకరు అంటున్నారు. లైన్ (గాలపు తాడు), దాన్ని చుట్టే రీల్‌తో కలిపి రూ. 12,000 వరకు అనుకున్నాను, తప్పదంటే మరికొంత సర్దుకోగలను. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రూ. 18,000 రాడ్ మీకు ఇప్పుడు అక్కరలేదు. మీరు అనుకున్న సొమ్ములో మూడో వంతు మించకుండా రాడ్‌కు కేటాయించి, అంతకంటే ఎక్కువ రీల్‌కు పెట్టి, మిగిలినది లైన్‌కు, గాలాలకు, సీసం గుండ్లకు ఉంచుకోండి. ఉప్పునీరు, ఇసుక ముందుగా పాడుచేసేది రీల్‌నే కాబట్టి ఆదా చేయదలచినవారు రాడ్‌లో చేయవచ్చు గానీ రీల్‌లో చేయకూడదు.

ధర పెరిగేకొద్దీ రాడ్‌లో ప్రధానంగా తగ్గేది బరువు. ఫైబర్‌గ్లాస్ బరువైనది, బాగా వంగుతుంది, రాయికి తగిలినా బండిలో నలిగినా అంత త్వరగా విరగదు. కార్బన్ తేలికగా, బిగువుగా ఉంటుంది. విసిరినప్పుడు త్వరగా నిటారై గుండును దూరం పంపుతుంది, చేప ఎరను తాకిన చిన్న కదలికను కూడా చేతికి తెలియజేస్తుంది. అయితే కార్బన్ నాణ్యత పెరిగి గోడ పలుచబడేకొద్దీ దెబ్బకు ఓర్చుకునే గుణం తగ్గుతుంది. సీసం గుండు ఊగి తగిలిన చోట కంటికి కనిపించని గాటు పడితే, ఆ రోజు కాకపోయినా మరో రోజు బలంగా విసిరినప్పుడు రాడ్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. విసరడం ఇంకా చేతికి అలవాటు కానివారికి ఈ ప్రమాదం ఎక్కువ కనుక, ఫైబర్‌గ్లాస్ రాడ్‌ను గానీ, ఫైబర్‌గ్లాస్, కార్బన్ కలిపి చేసిన మధ్యరకం రాడ్‌ను గానీ మీకు సూచిస్తున్నాను.

చౌకది ఉప్పునీటికి నిలవదన్న మాటలో కొంత నిజం ఉంది. ఫైబర్‌గ్లాస్‌కు గానీ కార్బన్‌కు గానీ తుప్పు పట్టదు. తుప్పు మొదలయ్యేది లైన్ సాగే రింగుల దగ్గర, అంటే గైడ్ల దగ్గర. నాసిరకం గైడ్ల పాదాల వద్ద, దారం చుట్టి జిగురు పూసిన చోటికి కొద్దిపాటి ఉప్పునీరు చేరినా చాలు, లోపల తుప్పు పెరిగి పై పూతను పగలగొడుతుంది. కాబట్టి దుకాణంలో రాడ్‌ను వంచి చూసి మురిసిపోవడానికి ముందు గైడ్లను ఒక్కొక్కటిగా పరీక్షించండి. చట్రం స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి, లోపల పింగాణీ వంటి గట్టి వలయం కదలకుండా కూర్చుని ఉండాలి. దూది ముక్కను ప్రతి వలయం లోపల తిప్పి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, ఆ పగులే తరువాత మీ లైన్‌ను కోస్తుంది. ఖరీదైన రాడ్లలో ఈ వలయాలు సిలికాన్ కార్బైడ్‌తో చేసినవి. అవి మరింత గట్టివి, రాపిడి వేడిని త్వరగా వదిలిస్తాయి. అల్లిన లైన్, అంటే బ్రెయిడ్, వాడేవారికి ఆ తేడా విలువైనదే. మీరు నైలాన్ లైన్‌తో మొదలుపెడతారు కనుక అల్యూమినియం ఆక్సైడ్ వలయాలు సరిపోతాయి. రూ. 2,500 రాడ్ ఈ పరీక్షలో నిలిస్తే దానినే నిస్సంకోచంగా తీసుకోండి, నిలవకపోతే మరో వెయ్యో పదిహేను వందలో కలిపి మంచి గైడ్లున్నది చూడండి.

సూర్యలంకలో తీరం నెమ్మదిగా లోతవుతుంది కాబట్టి అలలు ఒడ్డుకు చాలా దూరంలోనే విరగడం మొదలవుతాయి. గుండు ఆ వరుసను దాటి పడాలి, లైన్ నురుగుకు పైగా ఉండాలి. అందుకు 12 నుంచి 13 అడుగుల పొడవు, 100 నుంచి 150 గ్రాముల గుండును విసరగల సామర్థ్యం కావాలి. ఆ సామర్థ్యం రాడ్ మీదే, పిడికి పైన, ముద్రించి ఉంటుంది. దానిని మించిన బరువు కడితే ఎంత ఖరీదైన రాడ్ అయినా విరుగుతుంది. పొట్టి రాడ్ కొని, దూరం చాలక నడుము లోతు నీటిలోకి దిగి విసిరేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ తీరంలో అలల లాగుడుకు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఖర్చు తగ్గించుకోకూడని మరో చోటు షాక్ లీడర్. ప్రధాన లైన్ చివర కట్టే మందపాటి నైలాన్ ముక్క అది. గుండు బరువులో ప్రతి 28 గ్రాములకు సుమారు నాలుగున్నర కిలోల బలం చొప్పున లెక్క వేసి, 110 గ్రాముల గుండుకు 18 కిలోల బలమున్న లీడర్ కట్టండి. రాడ్ పొడవుకు రెట్టింపుతో పాటు రీల్ మీద కొన్ని చుట్లు వచ్చేంత ఉండాలి. విసిరే ఊపులో లైన్ తెగితే ఆ సీసం గుండు తూటాలా వెళుతుంది. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో నిండి ఉండే ఆ తీరంలో దాని పరిణామం ఊహించలేము. అందుకే స్నానాలు చేసేవారికి దూరంగా, జనం లేని చోటు చూసుకుని, తెల్లవారుజామునే వెళ్లడం మంచిది.

కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఉరుము వినిపించిన వెంటనే రాడ్‌ను కింద పెట్టి తీరం విడిచి వెళ్లండి. కరెంటు తీగల కింద ఏ రాడ్‌నైనా నిలువుగా పట్టుకుని నడవకండి.

రెండేళ్ల తరువాత మీరు వారం వారం వెళుతూ, గంటల తరబడి రాడ్ చేత పట్టుకుని పండుగప్ప కోసం కృత్రిమ ఎరను మళ్లీ మళ్లీ విసిరే స్థాయికి చేరితే, అప్పుడు తేలికైన కార్బన్ రాడ్‌కు పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం మీ భుజానికే తెలుస్తుంది. ఎర వేసి, రాడ్‌ను ఇసుకలో పాతిన గొట్టంలో నిలబెట్టి, జెల్ల కోసమో టేకు చేప కోసమో వేచి ఉండేవారికి ఆ తేలికదనంతో పెద్దగా పని లేదు.

ప్రశ్న: విజయవాడ నుంచి మచిలీపట్నం బస్సులోనే వెళ్లాలి. ఒకదానిలో ఒకటి దూరి చిన్నదయ్యే టెలిస్కోపిక్ రాడ్ చౌకగా దొరుకుతోంది. మంగినపూడి తీరానికి అది పనికి వస్తుందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పనికి వస్తుంది గానీ ఎక్కువ కాలం రాదు. ఇసుక రేణువులు ఒక్కసారి గొట్టాల మధ్యకు చేరితే భాగాలు బిగుసుకుపోతాయి, లేదా లోపలి గోడలు గీసుకుపోయి విసిరినప్పుడు జారిపోతాయి. మూడు ముక్కలుగా విడదీయగల 13 అడుగుల రాడ్ విడదీసి సర్దితే దాదాపు నాలుగున్నర అడుగులే ఉంటుంది కనుక గుడ్డ సంచిలో పెట్టి బస్సులో మీ పక్కనే నిలబెట్టుకోవచ్చు. ఇప్పటికే టెలిస్కోపిక్ రాడ్ కొని ఉంటే, ఇంటికి రాగానే అడుగున ఉన్న మూత విప్పి, భాగాలన్నీ బయటకు తీసి మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ అమర్చండి. రీల్‌ను మాత్రం కుళాయి ధార కింద పెట్టకండి, ఉప్పు లోపలికి పోతుంది. చేప లాగినప్పుడు లైన్ ఎంత బిగువుతో వదలాలో నిర్ణయించే డ్రాగ్ మరను బిగించి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.